పదిహేనేళ్లు ఆడిన పీపీఎఫ్‌ను ఇప్పుడు ట్రేడ్ చేయాలా?

ప్రశ్న: సార్, నాకు 52 ఏళ్లు. హనుమకొండలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. 2008లో ఉద్యోగంలో చేరాను కాబట్టి సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) కిందికి వస్తాను. 2009–10లో పోస్టాఫీసులో తెరిచిన పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతాకు 2025 ఏప్రిల్ 1తో గడువు తీరింది. అందులో 26 లక్షలు ఉన్నాయి. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పొద్దున లేస్తే ఫోన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచులే. "డాడీ, పీపీఎఫ్ ముసలి ప్లేయర్, పరుగు తగ్గింది. బోస్టన్ వాళ్లు ఇద్దరు సీనియర్లను ఇచ్చేసే చాంపియన్లయ్యారు. మొత్తం తీసి స్మాల్‌క్యాప్ ఫండ్‌లో, అంటే చిన్న కంపెనీల షేర్లలో పెట్టు" అంటున్నాడు. మా బామ్మర్దేమో మామునూరు వైపు ప్లాటు కొనమంటున్నాడు. నాలుగేళ్లలో అమ్మాయి పెళ్లి చేయాలి, 12 లక్షలు కావాలి. నెలకు 12 వేలు పొదుపు చేయగలను. ఏం చేయమంటారు?

జవాబు: సార్, మీ అబ్బాయి పోలిక నాకు నచ్చింది. కథ సగమే చెప్పాడు, అంతే. మిగతా సగం నేను చెప్తాను.

2013లో బోస్టన్ సెల్టిక్స్ తన ఇద్దరు పెద్ద ఆటగాళ్లు పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్‌లను బ్రూక్లిన్ నెట్స్‌కు ఇచ్చేసింది. అప్పటికి పియర్స్‌కు 35 ఏళ్లు, గార్నెట్‌కు 37. ఎన్‌బీఏలో డ్రాఫ్ట్ అంటే ఏటా కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం. బోస్టన్‌కు ప్రధానంగా దక్కినవి బ్రూక్లిన్ వాళ్ల 2014, 2016, 2018 డ్రాఫ్టుల్లో మొదటి రౌండ్ ఎంపికలు, 2017లో ఎంపికలు మార్చుకునే హక్కు. 2016 ఎంపికతో జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017 హక్కు చేతులు మారి చివరికి జేసన్ టేటమ్‌ను తెచ్చింది. ఆ ఇద్దరూ కలిసి కప్పు గెలిచింది 2024లో. అంటే పదకొండేళ్లు. పైగా 2014 ఎంపికతో తెచ్చుకున్న జేమ్స్ యంగ్ ఎన్‌బీఏలో నిలదొక్కుకోనే లేదు. బోస్టన్ ఎదురుచూడగలిగింది, ఎందుకంటే వాళ్ల ఇంట్లో నాలుగేళ్లలో పెళ్లి లేదు.

స్మాల్‌క్యాప్ సూచీ 2018 జనవరి నుంచి 2020 మార్చి దాకా సగానికి పైగా పడిపోయింది. తర్వాత బ్రహ్మాండంగా లేచింది, నిజమే. కానీ 2020 మార్చిలో ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ కట్టాల్సిన తండ్రికి ఆ తర్వాతి కథతో పని లేదు.

ఇక అసలు విషయం. ఎన్‌బీఏలో బర్డ్ హక్కులని ఒకటుంది, లారీ బర్డ్ పేరు మీద వచ్చింది. మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. ప్రతి జట్టు జీతాలకూ ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటిన జట్టు బయటి నుంచి పెద్ద ఆటగాణ్ని కొనుక్కోలేదు. తన దగ్గరే కొన్నేళ్లుగా ఆడుతున్నవాణ్ని మాత్రం పరిమితి దాటినా సరే, మళ్లీ ఒప్పందం రాయించుకుని ఉంచుకోవచ్చు. అతన్ని ఊరికే వదిలేస్తే అంత జీతంతో ఇంకొకణ్ని తెచ్చుకునే వీలుండదు. మనిషీ పోతాడు, ఆ చోటూ పోతుంది.

మీ పీపీఎఫ్ అచ్చం ఇదే. కొత్తగా ఏడాదికి లక్షన్నర మించి వేయనివ్వరు. కానీ లోపల ఇప్పటికే పేరుకున్న 26 లక్షలకు ఏ పరిమితీ లేదు, మొత్తానికీ పన్ను లేని వడ్డీ వస్తుంది. ఖాతా మూసేసి, రెండేళ్ల తర్వాత మనసు మారి కొత్తది తెరిస్తే, ఈ 26 లక్షలు తిరిగి లోపలికి చేర్చడానికే పదిహేడేళ్లు దాటుతుంది. లాక్ కూడా మళ్లీ మొదటి నుంచి పదిహేనేళ్లు. 7.1 శాతం చూసి ఇదేం పరుగని మీ అబ్బాయి అంటున్నాడు. అతను చూడాల్సింది ఆ చోటు.

పరుగు సంగతి కూడా చూద్దాం. 2020 ఏప్రిల్ నుంచి రేటు కదలలేదు, దాని మీద నాకూ విసుగే. అయినా 26 లక్షల మీద ఏడాదికి సుమారు లక్షా 84 వేలు వస్తుంది, పైసా పన్ను లేదు. అదే సొమ్ము 6.5 శాతం ఎఫ్‌డీలో ఉంటే, 20 శాతం శ్లాబులో ఉన్న మనిషికి పన్ను, సెస్సు పోగా లక్షా 34 వేల దగ్గర ఆగుతుంది. కొత్త పన్ను విధానంలో 80సీ మినహాయింపు లేదు కదా, పీపీఎఫ్ ఇంక దండగ అని స్టాఫ్ రూముల్లో వినపడుతోంది. కట్టేటప్పుడు మినహాయింపు లేదు, అంతవరకే. వడ్డీ మీద పన్ను అక్కడా లేదు.

నేను హనుమకొండలో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు కాలేజీ గ్రౌండ్‌లో మాతో బాస్కెట్‌బాల్ ఆడటానికి ఒక పోస్టల్ ఉద్యోగి వచ్చేవారు. నలభై దాటినాయన. పరిగెత్తేవారు కాదు. రింగు తగిలి బయటికి వచ్చిన బంతి మాత్రం ఎప్పుడూ ఆయన చేతుల్లోనే పడేది. ఆయన రాని రోజు మేం ఎన్ని ఎగిరినా ఓడిపోయేవాళ్లం.

అయితే మీ అబ్బాయి అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. మీ జట్టు మొత్తం సీనియర్లే. సీపీఎస్‌లో మీ 10 శాతం, ప్రభుత్వం వేసే 10 శాతం ప్రభుత్వోద్యోగుల డిఫాల్ట్ పద్ధతిలో వెళ్తుంటే, అందులో ఈక్విటీ, అంటే షేర్ల వాటా తక్కువే. మిగతాదాంట్లో ఎక్కువగా బాండ్లే. పీపీఎఫ్ కూడా అదే జాతి. మీరు 61కి రిటైర్ అయ్యాక ఇంకో ఇరవై, పాతికేళ్లు ధరలను తట్టుకోవాలి. కుర్రాళ్లు, అంటే షేర్లు, కావాల్సిందే.

తెచ్చుకునే పద్ధతికి శాన్ ఆంటోనియో స్పర్స్‌ను చూడండి. టిమ్ డంకన్‌ను 1997 నుంచి 2016 దాకా పంతొమ్మిది సీజన్లు ఉంచుకున్నారు, అయిదు కప్పులు కొట్టారు. 2011లో వాళ్లకు కుర్రాడు కావాల్సి వచ్చినప్పుడు ఇచ్చింది డంకన్‌ను కాదు, కోచ్‌కు ఎంతో ఇష్టమైన జార్జ్ హిల్‌ను. అలా వచ్చిన కవాయ్ లెనార్డ్, 38 ఏళ్ల డంకన్ కలిసి 2014 కప్పు తెచ్చారు.

మీ లెక్కలో జార్జ్ హిల్ అంటే నెలనెలా పీపీఎఫ్‌లో పడే కొత్త డబ్బు. దాన్నివ్వండి, చాలు. నెలకు 12 వేలలో 10 వేలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (యాభై పెద్ద కంపెనీల షేర్లు కొనేది) సిప్, అంటే నెలనెలా కంతుగా వేయండి. 2 వేలు మీ అబ్బాయి చెప్పిన స్మాల్‌క్యాప్‌లో, వాడి ముచ్చట తీరినట్టూ ఉంటుంది, మార్కెట్ పడితే ఎలా ఉంటుందో తెలిసినట్టూ ఉంటుంది. ఈ సిప్‌ను పెళ్లికి ముట్టుకోవద్దు, ఇది రిటైర్మెంటుది.

పీపీఎఫ్‌ను అయిదేళ్లు పొడిగించండి, అదీ డబ్బు కట్టే పద్ధతిలో. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఏమీ చేయకుండా ఊరుకుంటే ఖాతా తనంతట తానే, కొత్తగా కట్టే వీల్లేని పద్ధతిలో కొనసాగుతుంది. వడ్డీ వస్తూనే ఉంటుంది. కానీ అలా ఏడాది దాటితే మళ్లీ కట్టే హక్కు పోతుంది. నా దగ్గరికి వచ్చే ఒకాయనకు కౌంటర్లో "ఏం అవసరం లేదు సార్, అదే ఎక్స్‌టెండ్ అవుతుంది" అని చెప్పి పంపారు. ఆయన ఫారం ఇవ్వకుండానే ఏటా కడుతూ పోయారు. అలా కట్టిన సొమ్ముకు వడ్డీ పడలేదు. ఎంత టెన్షన్ పడ్డారో చెప్పలేను. మీరు 2026 మార్చి 31 లోపు ఫారం 4 ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా 500 రూపాయలు కట్టినా ఖాతా బతికే ఉంటుంది. రేపు పీఆర్‌సీ బకాయిలో, ఇంకేవో చేతికొస్తే లక్షన్నర దాకా వేసుకునే దారి తెరిచే ఉంటుంది.

పెళ్లి డబ్బు కూడా ఇందులోంచే. ఈ పద్ధతిలో అయిదేళ్ల మొదట్లో ఉన్న నిల్వలో 60 శాతం దాకా, అంటే మీకు 15 లక్షల 60 వేల దాకా తీసుకోవచ్చు. ఏడాదికి ఒక్కసారే తీయనిస్తారు. అందుకే బంగారానికి, హాలు అడ్వాన్సుకు ముందుగా కావాలంటే కొంత మార్చిలో, మిగతాది ఏప్రిల్లో తీయండి, రెండు వేర్వేరు ఆర్థిక సంవత్సరాలవుతాయి. వడ్డీ ఇలాగే ఉంటే నాలుగేళ్లకు ఖాతా 34 లక్షలకు చేరుతుంది. 12 తీసినా 22 లక్షల దాకా మిగులుతుంది.

మీ బామ్మర్ది ప్లాటు గురించి ఎక్కువ చెప్పను. మామునూరులో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట ఇప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది. సరిగ్గా మీకు డబ్బు కావాల్సిన నెలలో కొనేవాడు దొరకాలి కూడా. బంధుత్వం చెడకుండా పెళ్లయ్యాక చూద్దామనండి.

ఫారం ఇచ్చేటప్పుడు నామినీ పేరు ఒకసారి సరిచూడండి, 2009లో ఎవరి పేరు రాశారో మీకు గుర్తుండకపోవచ్చు. పాస్‌బుక్‌లో పొడిగింపు ఎంట్రీ పడేదాకా కౌంటర్ వదిలి రావద్దు.