ఏజెన్సీకి వెళ్తున్న లలితకు

చిరంజీవి లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

పాడేరు ఏజెన్సీలో ఆదివాసీ కుటుంబాలకు, ముఖ్యంగా వృద్ధులకు పింఛను, రేషన్, వైద్యం అందేలా చూసే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ కొండల్లో నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి నాకు ఎంత గర్వంగా ఉందో అంత బెంగగానూ ఉంది. దోమతెర, టార్చిలైటు దగ్గరుంచుకో. కాచిన నీళ్లే తాగు. సంత రోజున గూడేలకు వెళ్లకు, ఇళ్లలో ఎవరూ దొరకరు.

నా భయమంతా నువ్వు నింపబోయే ఫారాల గురించే. ఆధార్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ముంచింగిపుట్టు వైపు ఒక గూడెంలో కోదు తెగ ముసలమ్మ ఒకరు నమోదుకు వెళ్లారు. ఆమెకు కువి తప్ప మరో భాష రాదు, నమోదు చేసే కుర్రవాడికి కువి రాదు. అతను ఆమె ముఖం చూసి ముప్పై ఎనిమిదేళ్లని అంచనా కట్టి, జనవరి ఒకటో తేదీన పుట్టినట్టు రాసేశాడు. అదే రేషన్ కార్డులో ఆమె పెద్దకూతురికి ముప్పై అయిదేళ్లు! తల్లికీ కూతురికీ మూడేళ్లే తేడా ఉందని ఏ బల్ల దగ్గరా ఎవరూ గమనించలేదు. గిరిజనులకు వృద్ధాప్య పింఛను యాభై ఏళ్లకే వస్తుంది. ఆమె అంతకుముందే అర్హురాలు. అయినా మనవడు కార్డు పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ వయసు చాలదనే తిప్పి పంపారు. చివరకు ఆమె ఈడు మనిషినే పక్కన కూర్చోబెట్టి అడిగిస్తే అసలు సంగతి తెలిసింది. 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కడుతున్నప్పుడు తండ్రి అక్కడికి కూలికి వెళ్తుంటే, ఆమె తమ్ముణ్ణి చంకనేసుకుని వెంట నడిచేదట. వయసు సరిదిద్దేసరికి కొన్నేళ్ల పింఛను పోయింది. పోయినదాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అందుకని వయసు రాసేముందు పెళ్లి, తొలికాన్పు, కూడా పెరిగిన వాళ్ల వయసులు అన్నీ అడుగు. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు కనుక, ఆ ఒక్క అవకాశాన్నీ తొందరపడి పాడుచేయవద్దు. అల్లం, పసుపు తవ్వి తవ్వి గీతలు అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించకపోతే, కంటిపాపతోనో ముఖంతోనో సరిచూడమని పట్టుబట్టు. వేలు పడలేదని వాళ్లను ఉత్త చేతులతో ఇంటికి పంపనివ్వకు.

పోడు భూముల విషయంలోనూ అంతే. అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి తమ సాగులో ఉందని చూపాలి. కాగితాలు లేవని దిగులుపడతారు. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే నిబంధనల్లో అదీ సాక్ష్యమే. ఆ మాట తెలిసిన వృద్ధులు ఉండగానే గ్రామసభలో రాయించు. ఇదొక్కటీ మాత్రం వాయిదా వేయకు.

చిన్నప్పటి నుంచీ నీకు ఎదుటివాళ్ల మాట ముగియకముందే జవాబు చెప్పే అలవాటు. అక్కడ అది కుదరదు. అయితే మీ తాతగారు మంచాన పడ్డప్పుడు చెప్పిందే చెబుతుంటే రాత్రంతా ఊకొట్టిన పిల్లవూ నువ్వే, కనుక నాకు ధైర్యమే. గెడ్డ పొంగితే దాటకు, ఆ గూడెంలోనే పడుకో. ఫోను కలవకపోతే మీ అమ్మకు నేను సర్దిచెబుతాను.

ఇట్లు,
పెద్దమ్మ