పది అడుగుల దూరంలో కౌజు పిట్ట: ఎయిర్ పిస్టల్‌తో కొట్టొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కల్వకుర్తి దగ్గర మీ చెల్కలో పొద్దున్నే కౌజు పిట్టలు పది, పదిహేను అడుగుల దూరంలోనే తిరుగుతున్నాయి. అమెరికాలో కొందరు చిన్న పిస్టల్‌తో అడవిపిట్టల్ని దగ్గర నుంచి కొట్టే వీడియోలు చూశారు. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ పిస్టల్ ఒకటి కొన్నారు. దాంతో కొట్టొచ్చా, ఎంత దూరం నుంచి కొడితే పిట్ట పడుతుంది?

కొట్టొద్దండి. చట్టం ఒప్పుకోదు, ఆ పిస్టల్‌కు అంత శక్తీ లేదు. రెండోది నేను స్వయంగా తప్పు చేసి తెలుసుకున్నాను. మాది దేవరకొండ వైపు. మధ్యలో ఐదేళ్లు ఉద్యోగం మీద అమెరికాలో, ఐడహో రాష్ట్రంలో ఉన్నాను. మీరు వీడియోల్లో చూసిన వేట అక్కడ లైసెన్స్ తీసుకుని నేనూ చేశాను. అందుకే రెండు వైపుల సంగతీ చెప్పగలను.

ముందు మన ఊరి సంగతి. నాకు పదహారేళ్లప్పుడు మా కాక స్నేహితుడి ఎయిర్ పిస్టల్ నా చేతికొచ్చింది. ఆముదం గెలలు కోస్తున్న రోజులు. గట్టు పక్కన ఒక కౌజు చెదపుట్టను కాళ్లతో గీకుతోంది. నాకూ దానికీ మధ్య మూడడుగులు వేస్తే అందేంత దూరం. గొంతు చుట్టూ సన్నటి నల్ల గీత కూడా స్పష్టంగా కనిపించింది. ఒంటికి గురిపెట్టి కొట్టాను. పిట్ట ఎగిరిపడింది, మళ్లీ లేచింది, ఒక రెక్క ఈడ్చుకుంటూ ఆముదం సాళ్లలోకి ఉరికింది. కౌజుకు రెక్కల కన్నా కాళ్ల మీద నమ్మకం ఎక్కువ. దెబ్బ తగిలినా పరుగు ఆపదు.

గంటన్నర వెతికాం. చివరికి మా నాయనమ్మ ఎండుటాకుల కింద దాన్ని పట్టుకుంది. ఇంకా ఊపిరి ఉంది. కన్ను మూస్తోంది, తెరుస్తోంది. నాయనమ్మే దాని ప్రాణం తీసింది. కోసి చూస్తే మెడ కింద మేత సంచి నిండా చెదలు, గడ్డి గింజలు. నా గుండు రెక్క కింద తోలు దాటి, కండలోకి కొంచెం దిగి, ఎముకకు తగిలి రూపాయి బిళ్లలా చదునైపోయింది. "చెదలు తినే పిట్ట రా ఇది" అంది నాయనమ్మ. ఆ పూట నేను అన్నం ముందు కూర్చోలేకపోయాను. చిన్నప్పటి తప్పు కదా అని నేను దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

గుండు ఎందుకు అలా ఆగిపోయిందో తర్వాత లెక్క వేస్తే తెలిసింది. మామూలు ఎయిర్ పిస్టల్ గుండు బరువు అర గ్రాము. వేగం సెకనుకు 120 నుంచి 150 మీటర్లు. అంటే శక్తి 4, 5 జౌళ్లు. అమెరికా వీడియోల్లో వాడేది .22 పిస్టల్, అంటే మందుగుండు తూటా పేల్చే అసలు తుపాకీ. దాని తూటా రెండున్నర గ్రాములు, వేగం సెకనుకు 300 మీటర్ల దాకా ఉంటుంది, శక్తి 100 జౌళ్లు దాటుతుంది. ఇరవై రెట్లకు పైగా తేడా. చూడటానికి రెండూ పిస్టళ్లే.

ఇక గురి. పిస్టల్ మీద ముందు గుర్తుకూ వెనక గుర్తుకూ మధ్య దూరం 15 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ గుర్తులు ఒకదానికొకటి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు ఆరేడు సెంటీమీటర్లు తప్పుతుంది. కౌజు తల మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఊపిరి పీలిస్తేనే చెయ్యి మిల్లీమీటరు కన్నా ఎక్కువ కదులుతుంది. 'దగ్గరే కదా' అన్న మాట రైఫిల్ పట్టుకున్నవాడికి సరిపోతుంది, పిస్టల్ పట్టుకున్నవాడికి కాదు.

ఐడహోలో నన్ను వేటకు తీసుకెళ్లింది నాతో పనిచేసే ఒక పెద్దాయన. మొదటి రోజు కాగితం మీద నిమ్మకాయంత సున్నా గీశాడు. 10 మీటర్ల నుంచి 10కి 10 అందులో పడేదాకా అడవి మాటే ఎత్తొద్దన్నాడు. నాకు రెండు నెలలు పట్టింది. అక్కడ 1975 జనవరి 1 నుంచి ఆ తర్వాత పుట్టినవాళ్లు వేట లైసెన్స్ కావాలంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. మనవాళ్లకు ఇంకో మెలిక కూడా ఉంది, అమెరికాలో చదివే, పనిచేసే మన పిల్లలు ఇది తప్పక తెలుసుకోవాలి. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు. స్నేహితుడి తుపాకీయే కదా అని ఊరికే చేతిలోకి తీసుకోకూడదు.

అక్కడ పిస్టల్‌తో కొట్టేది గ్రౌస్ అనే అడవికోళ్ల జాతి పిట్టల్ని. డస్కీ, రఫ్డ్, స్ప్రూస్ అని మూడు రకాలు. మనిషి కనబడితే ఇవి చాలాసార్లు ఎగరవు, ఒంటి రంగును నమ్ముకుని కొమ్మ మీద బొమ్మలా కూర్చుంటాయి. స్ప్రూస్ రకాన్నైతే 'ఫూల్ హెన్' అనే పిలుస్తారు. అలా కదలని పిట్ట కాబట్టే తలకు గురిపెట్టి కొట్టే వీలుంటుంది, వెంటనే ప్రాణం పోతుంది. అదే ఐడహోలో పూరేడు లాంటి క్వెయిల్‌నూ, కౌజు చుట్టాలైన పార్ట్రిడ్జ్‌లనూ పిస్టల్‌తో కొట్టకూడదు, తుపాకీ అయితే ఒకేసారి చాలా చిన్న గుండ్లు వదిలే షాట్‌గన్‌తోనే కొట్టాలి. గువ్వల లాంటి వలస పక్షుల్ని పిస్టల్‌తో కొట్టడం అమెరికా అంతటా నిషేధం. మీరు చూసిన వీడియోల్లో ఈ తేడా ఎవరూ చెప్పి ఉండరు.

అన్ని అనుమతులూ ఉన్నా మొదటి సీజన్‌లో నేను ఎక్కువసార్లు పిస్టల్ దించేశాను. పిట్ట కొమ్మ మీద ఉంటుంది, దాని వెనక ఉత్త ఆకాశం. .22 తూటా తగలకుండా పోతే కిలోమీటరుకు పైగా వెళ్తుంది. అక్కడి నిర్జనమైన కొండల్లోనే అంత భయమేస్తే, పొద్దున ఏడింటికే పత్తి ఏరే ఆడవాళ్లు, మేకల కాపరులు తిరిగే మన చేలల్లో పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించండి.

చట్టం సంగతికి వస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధం. చిన్న వేటకు లైసెన్సులు ఇచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది, 1991 సవరణతో పోయింది. కౌజు, పూరేడు రెండూ రక్షిత జాబితాలో ఉన్నవే. ఉచ్చు పెట్టడం, పట్టే ప్రయత్నం చేయడం, గూడు చెరపడం, గుడ్లు తీయడం అన్నీ వేట కిందికే వస్తాయి. సొంత చెల్క అయినా అంతే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో జరిమానా లక్ష రూపాయల దాకా పెరిగింది, జైలు మూడేళ్ల దాకా. ఆయుధం, వెళ్లిన బండి జప్తు. అచ్చంపేట దాటి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి అడుగుపెడితే శిక్ష ఇంకా కఠినం.

ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గుండు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు పిస్టల్ కొనుక్కోవడానికే, పిట్టను కొట్టడానికి కాదు. అక్కడే చాలామంది పొరపడుతున్నారు.

మాంసం మీద కోరికైతే ఫారాల్లో పెంచే జపాన్ క్వెయిల్ దొరుకుతుంది. మన దగ్గర దాన్నే కౌజు, కంజు అని అమ్ముతారు, అందుకే చేలో తిరిగేదీ ఇదీ ఒకటేనని జనం అనుకుంటారు. వేరే పిట్టలు అవి.

పిస్టల్ ఎలాగూ కొన్నారు కాబట్టి గోనె సంచిలో ఎర్రమట్టి దట్టించి గోడకు ఆనించండి, 10 మీటర్లు కొలిచి కాగితం పెట్టండి. ఒలింపిక్ ఎయిర్ పిస్టల్ పోటీ దూరం కూడా అదే. అందులో 10 పాయింట్ల గుండ్రం 11.5 మిల్లీమీటర్లే, మన చిటికెన వేలి గోరంత. మీకు ఆసక్తి కుదిరితే గురి ఎలా నిలపాలో ఇంకో జవాబులో వివరంగా రాస్తాను.

ఇంకొక్క మాట. ఏప్రిల్ వచ్చేసరికి కౌజులు గుడ్లు పెట్టడం మొదలవుతుంది. గట్టు మీద గడ్డి మాటున నేల కొంచెం గీకి, ఆరు నుంచి ఎనిమిది దాకా పెడతాయి. ఎండాకాలం దుక్కికి ముందు గట్లు కాలుస్తారు కదా, పొద్దున కౌజులు తిరుగుతున్నాయన్న ఆ వైపు గట్టును మాత్రం ఈసారి కాల్చకుండా వదిలేయండి.