మాంసపు పశువుల జీనోమిక్స్ కోసం పొలం కుదువ పెట్టాలా?

మామునూరు వెటర్నరీ కళాశాలలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న కూతురు, తక్కువ మేతతో పెరిగే మాంసపు పశువులను డీఎన్ఏ పరీక్షతో ఎంపిక చేసే విద్యలో విదేశీ ఎంఎస్ చేస్తానంటోందని, పొలం కుదువ పెట్టి పంపాలో, ఇక్కడే ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేయించి పెళ్లి చేయాలో తెలియడం లేదని నర్సంపేట నుంచి ఒక తండ్రి రాశారు.

అయ్యా, ఆ విద్య బూటకం కాదు. ఒకే బరువుతో, ఒకేలా పెరిగే రెండు కోడెదూడల్లో ఒకటి తక్కువ తింటుంది. ఆ గుణం కొంతవరకు సంతానానికీ వస్తుంది. వేలాది డీఎన్ఏ గుర్తుల ప్రభావాలను కూడి, పశువు లేగదూడగా ఉన్నప్పుడే దాని జన్యు విలువను, అంటే సంతానానికి ఎంత మేలు గుణం ఇవ్వగలదో, అంచనా వేసే పద్ధతిని 2001లో మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

నా సందేహం వేరు. అందరూ ఆ డీఎన్ఏ గుర్తులను చదివే చిప్ గురించే చెబుతారు, మేత తొట్టి గురించి ఎవరూ చెప్పరు. ఆ అంచనా నిలవాలంటే ముందుగా వేల పశువులు రోజూ ఎంత తిన్నాయో ఎలక్ట్రానిక్ తొట్లలో వారాల తరబడి విడివిడిగా కొలవాలి; అది ఖరీదైన పని. పైగా ఆంగస్ అనే విదేశీ మాంసపు జాతిపై కట్టిన లెక్క మన జాతులకు సరిగ్గా అతకదు. గోవధపై నిషేధం ఉన్న మన రాష్ట్రంలో గొడ్లను మాంసం కోసమే పెంచే పరిశ్రమ లేదు కనుక, సరిగ్గా ఆ ఉద్యోగమే కావాలంటే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ వంటి దేశాల్లోనే వెతుక్కోవాలి.

అయితే లెక్క నేర్చినవారికి పశువు మారినా పని మారదు. పాడి పశువుల కోసం 2024లో ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ మన దేశంలోనే విడుదలయ్యాయి. మన దక్కనీ గొర్రెలకూ ఇదే గణితం పనికొస్తుంది. అందుకే ముందు ఇక్కడ పశు జన్యుశాస్త్రంలో ఎంవీఎస్సీ చేసి, తర్వాత స్టైపెండ్ వచ్చే పీహెచ్‌డీకి విదేశం వెళ్లడం మేలని నా అభిప్రాయం. ఎంఎస్‌కే వెళ్లాలంటే, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (పరిశోధనలో సాయం చేసినందుకు విశ్వవిద్యాలయం ఇచ్చే జీతం) ఉంటేనే వెళ్లాలి.

ఇక కోపగించుకోకండి. మీ ఉత్తరంలో పొలం మూడుసార్లు, పెళ్లి రెండుసార్లు వచ్చాయి. అమ్మాయికి లెక్కలంటే ఇష్టమో కాదో ఒక్కసారీ రాలేదు. ఈ పనిలో కొట్టం కంటే కంప్యూటర్ ముందే ఎక్కువ కాలం గడుస్తుంది, బైపీసీ పిల్లలు చాలామంది తడబడేదీ అక్కడే. అడిగి చూడండి. ఆమె ఏది ఎంచుకున్నా చేతిలో పశువైద్య పట్టా ఉంటుంది, దానితో బతుకుదెరువుకు లోటు రాదు. మీ భయం అదే అయితే దాన్ని వదిలేయవచ్చు.

ఈ కొన్ని నెలల్లో ఒక మందలోని పాల రికార్డులు, వంశావళి వివరాలు తీసుకుని, ఆర్ (R) అనే గణాంకాల కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో జన్యు విలువలు తానే లెక్కగట్టి చూడమనండి. ఆ పని ఆమెకు నచ్చిందో లేదో తెలిసేదాకా పొలం పాసుపుస్తకం బీరువాలోనే ఉంచండి.