కారు సందేహాలు: వెనక ఒకవైపు లేచిన బండి

ప్రశ్న: మా పాత స్విఫ్ట్‌కి గత నెల వెనక షాక్ అబ్జార్బర్లు, వాటి పై మౌంట్లు, యాక్సిల్ బుష్‌లు (యాక్సిల్‌ని బాడీకి కలిపే చోట ఉండే రబ్బరు ముక్కలు) మార్పించాం. పనిలో పనిగా ఒక ఇంజన్ మౌంట్ కూడా. స్ప్రింగులు పాతవే బిగించారు. అప్పటి నుంచి వెనక ఎడమవైపు వేలెడు మందం ఎత్తుగా ఉంది. మెకానిక్‌ని అడిగితే ‘కొత్త షాకులు కదా సార్, తిరిగితే అణుగుతుంది’ అన్నాడు. నెల్లూరు వెళ్లొచ్చాం, అలాగే ఉంది. కుడివైపు స్పేసర్ (స్ప్రింగ్‌ని ఎత్తు చేసే ముక్క) పెట్టించమంటారా, కొత్త స్ప్రింగులు కొనమంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రెండూ వద్దండి, ఇప్పుడే వద్దు. స్పేసర్ పెడితే అసలు తప్పు లోపలే ఉండిపోతుంది, బండి మాత్రం సమంగా కనిపిస్తుంది. అలా కప్పిపెట్టడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

బండి బరువు మోసేది స్ప్రింగ్. షాక్ పని ఊపు ఆపడం. గ్యాస్ షాక్ కొత్తలో కాస్త పైకి తోస్తుంది, నిజమే. కానీ రెండూ కొత్తవే కదా, తోస్తే రెండువైపులా తోయాలి. అందుకని అణుగుతుందని ఇంకా ఎదురుచూడకండి. ఇంజన్ మౌంట్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఎక్కడ నిలబెట్టి చూశారో మీరు రాయలేదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో అయితే ఆ లెక్క చెల్లదు, నీళ్లు పోవడానికి అక్కడ నేల వాలుగా పోస్తారు. వీల్ అలైన్‌మెంట్ షాపులో ర్యాంప్ మట్టంగా ఉంటుంది, అక్కడ పది నిమిషాలు అడగండి. టైర్లలో గాలి సరిచేసి, డిక్కీ ఖాళీ చేసి, బండిలో ఎవరూ లేకుండా చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు తేడా కూడా అందులో కలిసిపోతుంది. వెనకవే కాదు, నాలుగు చక్రాలూ కొలవండి. ముందు కుడి స్ప్రింగ్ చివర విరిగి కూలినా, దానికి ఎదురు మూల అయిన వెనక ఎడమ లేస్తుంది. అనుమానం తీరాలంటే, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందువైపు అడ్డంగా ఉండే ఇనుప దూలం, అంటే క్రాస్‌మెంబర్, నడుమ జాకీ వేసి కొంచెం ఎత్తించండి. వెనక సమమైతే తప్పు ముందుంది. జాకీ మీదున్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు.

తేడా 5 మిల్లీమీటర్ల లోపుంటే నేనైతే ముట్టుకోను. మీరన్నట్టు 15 దాకా ఉంటే మాత్రం బిగింపులోనే తప్పుంది. మీ బండిలో స్ప్రింగ్, షాక్ వేర్వేరుగా ఉంటాయి. యాక్సిల్ దించితే స్ప్రింగ్ వదులై చేతికొస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు దాని కొస, కింద గిన్నెలో ఉన్న మెట్టుకు ఆని కూర్చోవాలి. కాస్త తిరిగి మెట్టు మీదికెక్కినా, పైనుండే రబ్బరు సీటు మడతపడినా ఆ వైపు లేస్తుంది. చక్రం పక్కన ఫోన్ టార్చి వేసి కుడి ఎడమ పోల్చి చూడండి, తెలిసిపోతుంది.

స్ప్రింగ్ బాగానే కూర్చుంటే నా అనుమానమంతా బుష్‌ల మీదే. ఆ రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించాక ఆ గొట్టం కదలదు, రబ్బరే మెలిపడుతుంది. లిఫ్ట్ మీద యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి బండిని పైకి తోస్తూనే ఉంటుంది. ఒకవైపు అలా, రెండోవైపు బండి దించాక బిగిస్తే ఎత్తులో తేడా ఖాయం. పైగా కొత్త బుష్ తొందరగా చిరుగుతుంది. దీనికి సామాను కొననక్కర్లేదు. పిట్ మీద బండి నాలుగు చక్రాల మీదా నిలిచి ఉండగా బుష్‌ల బోల్టులు రెండూ వదులు చేసి, డిక్కీ మీద నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదిలి, కంపెనీ చెప్పిన టార్క్‌కి, అంటే బిగింపు బలానికి, బిగించమనండి. మాన్యువల్‌లో అంకె చూసి, టార్క్ రెంచ్‌తో. మీ కళ్లముందే చేయించుకోండి.

ఇన్నీ అయ్యాక కూడా తేడా పోకపోతే స్ప్రింగులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్పించండి, మీ బండిలో రెండిటికీ పార్ట్ నంబర్ ఒకటేనని చూసుకుని. ఎత్తు కూడా పక్క మారితే అప్పుడు మీ ఊళ్లో కారు విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకి వెళ్లి జత కొనండి, ఒక్కటే కొనొద్దు. మారకపోతే స్ప్రింగ్ కూర్చునే చోటో బాడీయో వంగిందేమో చూపించాలి.

అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర. ఈలోగా ఆ నాలుగు కొలతలూ రాసి పంపండి, ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.