ఎరుపు, నీలం చెర్రీ రొయ్యలను కలిపి పెంచితే ఊదా రంగు పిల్లలు పుడతాయా?

పుట్టవు, ఒకటి రెండు తరాల్లోనే చాలా పిల్లలు గోధుమ రంగుకో, రంగులేని పారదర్శక రూపానికో తిరిగిపోతాయి.

అక్వేరియం షాపుల్లో ఎరుపు, నీలం, పసుపు అని వేర్వేరుగా అమ్మినా ఇవన్నీ నియోకారిడినా డేవిడి అనే ఒకే జాతి. తూర్పు ఆసియా వాగుల్లో బతికే వీటి సహజ రంగు మట్టిలో కలిసిపోయే గోధుమ. అరుదుగా రంగు తేలినవాటిని ఏరి, వాటినే జతకట్టించి ఈ రకాలను తయారుచేశారు. ఈ రంగులు చాలావరకు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం జన్యువు అందితేనే పైకి కనిపిస్తాయి. వేరే రకంతో కలిపితే ఒకదానిలో లేని సహజ రంగు జన్యువు రెండోదాని నుంచి వచ్చేస్తుంది. అందుకే కలిపిన పిల్లలు పెయింట్ కలిపినట్టు మధ్య రంగులో ఉండవు.

ఉదాహరణకు, ఎరుపు రకాన్నే మెరుగుపరచాలంటే ఒంటినిండా, కాళ్ల వరకు ముదురు ఎరుపున్నవాటిని ఉంచి, పాలిపోయినవాటిని పెద్దవి కాకముందే వేరే తొట్టిలోకి తీసేయాలి. మగవి మామూలుగానే లేతగా ఉంటాయి కదా అని చాలామంది ఆడవాటినే ఏరతారు. దాంతో సగం శ్రమ వృథా. మగవాటిలోనూ ముదురువి ఎంచాలి. తరానికి మూడు నాలుగు నెలలు పడుతుంది కాబట్టి ఓపిక తప్పదు.

రంగు పెంచే మేత వేస్తే రకం మెరుగవుతుందనుకోవడం పొరపాటు. కెరోటినాయిడ్లు (ఎరుపు, నారింజ, పసుపు రంగులనిచ్చే సహజ పదార్థాలు) ఉన్న మేత ఆ రొయ్య ఎరుపును కాస్త ముదురు చేయగలదు, అంతే. అది పిల్లలకు రాదు. తెల్ల ఇసుక మీద మంచి రొయ్య కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, కాబట్టి ఏరేది ముదురు అడుగున్న తొట్టిలో ఏరండి.