ఆ చలాను మీద తేదీ చూడు

అమ్మలూ,

నీ రబ్బరు కన్వేయర్ బెల్టు పొరల అమరికను కాపీ కొట్టిన కంపెనీ మీద కేసు వేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. నా బిడ్డ గట్టిదే అనుకున్నాను. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు.

మంచి పేటెంట్ లాయరును పెట్టుకో. వాళ్ల బెల్టును బిల్లుతో సహా కొను. నీ పేటెంటులో క్లెయిములు, అంటే నీ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు, పదం పదం చదువు. బొమ్మలో ఎంత బాగా గీసినా హద్దు క్లెయిములదే. రెండు ప్లైల (గుడ్డ పొరల) మధ్య స్కిమ్ అనే పల్చటి రబ్బరు పొర అని రాశావా, వాళ్ల బెల్టులో అది విడిగా ఉందని చూపించాలి. వల్కనైజ్ అయ్యాక, అంటే వేడికి రబ్బరు గట్టిపడ్డాక, స్కిమ్‌కీ పక్కనున్న రబ్బరుకీ మధ్య గీత అంత తేలిగ్గా కంటికి ఆనదు. అడ్డంగా కోయించి మైక్రోస్కోపు కింద పెట్టించు.

ఇక నా సంగతి. నా మొదటి నాలుగు ప్లైల బెల్టు వేడి ప్రెస్‌లోంచి వచ్చిన రోజు సంతోషం పట్టలేకపోయాను. జానెడు ముక్క కోసి, అంచున బాల్‌పెన్నుతో ప్లైల లెక్క, తేదీ రాసి, ఒక కస్టమరు చేతిలో పెట్టాను. రహస్యంగా ఉంచమని ఒక్క కాగితం మీదా సంతకం తీసుకోలేదు. పేటెంటుకు దరఖాస్తు వేసింది నాలుగు నెలల తర్వాత. ఏళ్లు గడిచాక నా డిజైన్ కాపీ కొట్టినవాళ్ల మీద కేసు వేస్తే, వాళ్ల లాయరు ఆ ముక్కనే బల్ల మీద పెట్టాడు. పొరలు ఒక మూల విప్పి ఉన్నాయి, అంచున నా చేతిరాత. దరఖాస్తుకు ముందే బయటపడిందన్నారు, పేటెంటే రద్దయింది. కొన్ని దేశాల్లో సొంతంగా బయటపెట్టినదానికి ఏడాది వెసులుబాటు ఉంటుంది. నాకు అది దొరకలేదు.

ఎన్నిసార్లు చెప్పాను నీకు, శాంపిల్ ఇచ్చే ముందు కాగితం రాయించుకోమని! వింటేగా. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. ప్రెస్ దగ్గర నువ్వు ఎన్ని రాత్రులు నిలబడ్డావో నాకు తెలుసు.

ట్రయల్ బెల్టు పంపానని ఆ మధ్య ఫోన్‌లో సంబరంగా చెప్పావు. అది దరఖాస్తుకు ముందా, తర్వాతా? నాకు గుర్తు రావడం లేదు, అదే నా టెన్షన్. నోటీసు ఇచ్చేలోగా ఆ డెలివరీ చలాను వెతుకు. దొరికితే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న