పెడల్‌బోర్డును అత్యవసర నిధిగా లెక్కేయకండి

ప్రశ్న: నా వయసు 32. మెటల్ బ్యాండ్‌లో గిటారిస్టును. వారంలో ఐదు రోజులు గిటార్ పాఠాలు చెబుతాను, అప్పుడప్పుడు రికార్డింగులకు వాయిస్తాను, మిగతా ఆదాయం షోల నుంచి వస్తుంది. ఒక ఆరు తీగల గిటారు, రెండు ఏడు తీగల గిటార్లు, పీవీ 6505 హెడ్ (యాంప్లిఫయర్), 4×12 క్యాబినెట్ (నాలుగు స్పీకర్ల పెట్టె), పద్నాలుగు పెడల్స్ (కాలితో నొక్కి సౌండ్ మార్చే చిన్న పెట్టెలు) ఉన్నాయి. వీటన్నిటికీ పెట్టింది నా పది నెలల ఖర్చుకు సమానం. బ్యాంకులో ఒక నెల ఖర్చుకు సరిపడా ఉంది. క్రెడిట్ కార్డు మీద రెండు నెలల ఖర్చంత బాకీ ఉంది, ప్రతి నెలా మినిమం కడుతున్నాను. నాలుగు నెలల్లో టూర్ ఉంది. ట్యూనింగ్ (తీగల శ్రుతి) కిందికి దించినప్పుడు నా హెడ్ సౌండ్ ముద్దగా వస్తోంది. అందుకని కొత్త హెడ్, కస్టమ్ ఎనిమిది తీగల గిటారు, బ్యాండ్ మొత్తానికి ఇన్-ఇయర్ మానిటర్లు (షోలో మా వాయింపు మాకు వినిపించేలా చెవిలో పెట్టుకునేవి) కొనడానికి నా పేరు మీద పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఆరు నెలల ఖర్చంత లోన్, 14 శాతం వడ్డీ, మూడేళ్ళ గడువు. మానిటర్ల వాటా మిగతా ముగ్గురూ నెలనెలా ఇస్తామన్నారు. తేడా వస్తే గేర్ అమ్మేయొచ్చు కదా, అదే నా అత్యవసర నిధి అనుకుంటున్నాను. పాత హెచ్‌ఎం-2 లాంటి పెడల్స్ ధర ఎలాగూ పెరుగుతుంది. లోన్ తీసుకోమంటారా? లేక ఆరు తీగల గిటారు అమ్మి కొంత సర్దుకోమంటారా?

జవాబు: లోన్ తీసుకోవద్దు. ఈ టూర్‌కే కాదు, మీ కార్డు బాకీ తీరి, చేతిలో కనీసం ఆరు నెలల ఖర్చు పోగయ్యేదాకా ఏ గేర్ కోసమూ తీసుకోవద్దు.

నాకు వచ్చే ఉత్తరాల్లో మీదాన్ని ఎంచుకోవడానికి కారణం ‘గేర్ అమ్మేయొచ్చు కదా’ అన్న ఒక్క మాట. వాయిద్యకారులు, ఫొటోగ్రాఫర్లు, సౌండ్ ఇంజినీర్లు, ఎవరి పనిముట్లు ఖరీదైనవో వాళ్ళందరి నోటా ఇదే మాట వింటుంటాను. ఇల్లు గడిపే పనిముట్టునే ఇల్లు గడవని రోజుకు దాచిన డబ్బుగా లెక్కేసుకుంటారు. ఒకే వస్తువు రెండు పనులూ చేయలేదు. మీరు అంకెలన్నీ నెల ఖర్చుల్లో చెప్పడం మంచిదైంది. నేనూ ఆ లెక్కలోనే చెబుతాను.

గిటారిస్టుకు అత్యవసరం ఎలా వస్తుందో ఒకసారి ఊహించండి. ఏళ్ళ తరబడి డౌన్‌పికింగ్ (తీగలను పైనుంచి కిందికే మీటడం) చేసిన మణికట్టు ఒక రోజు వాస్తుంది. డాక్టరు ఎనిమిది వారాలు గిటారు ముట్టుకోవద్దంటారు. ఆ క్షణంలోనే షోలు ఆగిపోతాయి, రికార్డింగులు ఆగిపోతాయి, పాఠాలు సగానికి పడిపోతాయి. అద్దె మాత్రం ఆగదు. అప్పుడు మీరు గేర్ అమ్మడానికి కూర్చోవాలి. ఫొటోలు తీయాలి, అడిగినవాళ్ళందరికీ జవాబులు రాయాలి, బేరాలు ఆడాలి. వచ్చినవాళ్ళకు అన్నీ పనిచేస్తున్నాయని వాయించి చూపించాలి, అదీ వాచిన చేతితోనే. నలభై కిలోల దరిదాపుల్లో ఉండే క్యాబినెట్‌ను మేడ దించాలి. అది కూడా ఆ చేతితోనే.

అమ్మకం ధర సంగతికి వస్తే, మీరు రాసినది కొన్న ధర. దానితో నాకు పని లేదు. రెండు వారాల్లో డబ్బు చేతిలో పడాలంటే ఎంతకు పోతాయన్నదే ఇక్కడ లెక్క. పెడల్స్ త్వరగానే పోతాయి, చిన్న పెట్టెలో పెట్టి ఎక్కడికైనా పంపొచ్చు. హెడ్ బరువు ఇరవై కిలోల పైమాటే, లోపల గాజు ట్యూబులు, దూరం పంపాలంటే అమ్మేవాడికీ కొనేవాడికీ భయమే. క్యాబినెట్‌ను దగ్గరలో ఉన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళాల్సిందే. ఏడు తీగల గిటారు కావాలనుకునేవాళ్ళు ఆరు తీగలది కావాలనుకునేవాళ్ళలో చిన్న భాగం. ఎనిమిది తీగలకు వచ్చేసరికి ఆ గుంపు ఇంకా చిన్నది. ఇక మీకు నచ్చిన చెక్క, మీ చేతికి సరిపడే నెక్, మీరు కోరిన రంగుతో చేయించుకున్న కస్టమ్ గిటారైతే, అచ్చం మీలాంటి అభిరుచి ఉన్న ఇంకో మనిషి దొరికేదాకా అలాగే పడుంటుంది. తొందరలో అమ్మితే పెట్టినదాంట్లో సగం వస్తుందని లెక్కేసుకోండి. మీ పది నెలలు ఐదు నెలలయ్యాయి. కార్డు బాకీ తీసేస్తే మూడు. ఆ మూడు నెలలూ గడిచి చేయి బాగయ్యాక వాయించడానికి మీ దగ్గర గిటారు ఉండదు, పాఠం చెప్పడానికీ ఉండదు.

హెచ్‌ఎం-2 ఉదాహరణ ఇచ్చారు కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. బాస్ కంపెనీ ఆ డిస్టార్షన్ పెడల్‌ను (సౌండ్‌ను గరుకుగా మార్చేది) 1983 నుంచి 1991 వరకు తయారు చేసి ఆపేసింది. స్టాక్‌హోమ్ డెత్ మెటల్ బ్యాండ్లు దాని నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి రంపం కోతలాంటి ఒక సౌండ్ రాబట్టాయి. ఆ సౌండ్ కోసం జనం వెతకడం మొదలయ్యాక పాత పెడల్‌కు గిరాకీ వచ్చింది. చివరకు 2021లో బాస్ కంపెనీయే హెచ్‌ఎం-2డబ్ల్యూ పేరుతో దాన్ని మళ్ళీ తెచ్చింది. ఇప్పుడు ఆ సౌండ్ కావాలనుకున్నవాళ్ళు కొత్తదే కొనుక్కోవచ్చు. ఒక ప్రాంతంలో పుట్టిన ఒక శైలి ఆ ఒక్క పెడల్‌కు తెచ్చిన అదృష్టం అది. ఆ రోజుల్లోనే వచ్చి ఎవరికీ గుర్తులేకుండా పోయిన డిస్టార్షన్ పెడల్స్ గురించి ఎవరూ చెప్పుకోరు. మీ బోర్డు మీద ఉన్న పద్నాలుగింటిలో రేపు దేనికి ఆ యోగం పడుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అలాంటి దాని మీద అద్దె డబ్బు పెట్టకూడదు.

ఇప్పుడు లోన్ లెక్క. ఆరు నెలల ఖర్చంత అప్పు, 14 శాతం, మూడేళ్ళు. ఈఎంఐ మీ నెల ఖర్చులో ఐదో వంతు అవుతుంది. తీర్చేసరికి మీరు కట్టేది ఏడు నెలల పైచిలుకు ఖర్చు. ముప్పై ఆరు నెలల పాటు, షోలు ఉన్న నెలలోనూ లేని నెలలోనూ, ఆ ఐదో వంతు కట్టాల్సిందే. చేతిలో ఒక్క నెల ఖర్చు ఉన్న మనిషి, ఆదాయం నెలకో తీరుగా ఉండే మనిషి, ఇలాంటి అప్పుకు సిద్ధపడటం చూస్తే నాకు నిజంగా ఓపిక నశిస్తుంది. టూర్ డబ్బుతో తీర్చేస్తానంటారేమో. వ్యాన్ అద్దె, డీజిల్, బస, తిండి పోగా టూర్‌లో మీ వాటాకు ఎంత మిగులుతుందో ముందు కాగితం మీద రాసి చూడండి. మీ ఉత్తరంలో ఆ అంకె లేదు. లోన్ మొత్తం ఉంది, వడ్డీ ఉంది, గడువు ఉంది, దాన్ని తీర్చే ఆదాయం మాత్రం లేదు.

పైగా బ్యాండ్ మొత్తానికి మానిటర్లు, సంతకం మీ ఒక్కరిదీ! మిగతా ముగ్గురూ మంచివాళ్ళే కావచ్చు. కానీ బ్యాండ్‌లో మనుషులు మారుతుంటారు. డ్రమ్మర్ వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే బ్యాంకు అతన్ని అడగదు, మిమ్మల్ని అడుగుతుంది. ఆలస్యమైన ప్రతి ఈఎంఐ మీ క్రెడిట్ రికార్డులోనే పడుతుంది. మానిటర్లు కావాలంటే ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. ఉమ్మడిగా ఉండాల్సిన మిక్సర్ లాంటివి బ్యాండ్ ఖాతాలో పడిన షో డబ్బుతో కొనాలి. ఆ ఖాతా లేకపోతే ముందు అది తెరవండి.

క్రెడిట్ కార్డు మీద మినిమం కడుతూ పోవడం ఈ లోన్ కన్నా పెద్ద ప్రమాదం. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా కనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి అది చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. ఇంత వడ్డీ పెరుగుతుండగా ఇంకో అప్పు గురించి ఆలోచించడమే తప్పు. ఈ రోజు నుంచి ఆ కార్డు మీద తీగల ప్యాకెట్ కూడా కొనకండి.

ఇక నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది, మీకు మరింత గట్టిగా చెప్పేది అత్యవసర నిధి గురించి. జీతగాళ్ళకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది నెలలు కావాలి. ఎందుకంటే మీ ఆదాయం మూడు చోట్ల నుంచి వస్తున్నట్టు కనిపిస్తున్నా, ఆ మూడూ రెండు చేతుల మీదే ఆధారపడి ఉన్నాయి. చేతికి దెబ్బ తగిలితే మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. చెవికి దెబ్బ తగిలినా అంతే.

దీన్ని కట్టడానికి మీ ఆదాయం తీరే ఒక దారి చూపిస్తోంది. పాఠాల డబ్బు క్రమంగా వస్తుంది కాబట్టి ఇల్లు దానితోనే నడవాలి. చాలకపోతే ఖర్చు తగ్గించాలి, లేదంటే ఇద్దరు విద్యార్థులను చేర్చుకోవాలి. షోల డబ్బు, రికార్డింగు డబ్బు, టీ-షర్టులు అమ్మగా వచ్చిన వాటా, ఇవేవీ ఇంటి ఖర్చులోకి రాకూడదు. ఇప్పుడున్న నెల ఖర్చును కదపకుండా ఉంచి, ఈ డబ్బంతా ముందు కార్డుకు కట్టండి. బాకీ తీరిన మర్నాటి నుంచి అదే డబ్బు వేరే ఖాతాలోకి వెళ్ళాలి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి, ఫోన్‌లో చెల్లింపులకు దాన్ని జోడించకండి. ఆరు నెలల ఖర్చు చేరాక షో డబ్బులో మూడో వంతు గేర్ కోసం పక్కన పెట్టడం మొదలుపెట్టవచ్చు. మిగతా రెండు వంతులూ తొమ్మిది నెలలు నిండేదాకా నిధిలోకే. వడ్డీ ఎక్కువ వస్తుందా తక్కువ వస్తుందా అని ఈ డబ్బు విషయంలో వెతకొద్దు. అడిగిన రోజున రావాలి, అంతే.

హెడ్ రిపేరు కూడా ఈ నిధిలోంచి తీయకండి. మీ 6505 పవర్ విభాగంలో నాలుగు 6ఎల్6 ట్యూబులుంటాయి, అవి అరిగేవే. టూర్ మధ్యలో ఒకటి షార్టయితే ఫ్యూజు పోతుంది, షో ఆగుతుంది. స్పీకర్ కేబుల్ పెట్టకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. ఇవన్నీ ముందే తెలిసిన ఖర్చులు. ట్యూబులు, ఫ్యూజులు, తీగలు, ఫ్రెట్ పని వీటికి నెలనెలా చిన్న మొత్తం వేరుగా తీసి పెట్టుకోండి.

సౌండ్ ముద్దగా వస్తోందన్నారు. కొత్త హెడ్ కన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. ట్యూబులు ఎప్పుడు మార్చారు? టెక్నీషియన్‌తో ట్యూబులు, బయాస్ (ట్యూబులకు వెళ్ళే కరెంటు అమరిక) చూపించండి. తర్వాత మీ పెడల్స్‌లో ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ ఒకటైనా ఉండే ఉంటుంది. దాన్ని యాంప్ ముందు పెట్టి డ్రైవ్ సున్నాకు, లెవల్ పైకి తిప్పి, యాంప్ గెయిన్ కొంచెం తగ్గించండి. అది కింది ఫ్రీక్వెన్సీలను కోసేసి పామ్ మ్యూట్లను (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించే స్వరాలను) బిగుతుగా చేస్తుంది. మెటల్ వాయించేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే ఇది. మీ ట్యూనింగ్‌కు తగిన మందం తీగలు వేశారా అన్నది కూడా చూసుకోండి. మీ హెడ్ మూలం 1992లో వచ్చిన 5150 అనే యాంప్. అంత పాత డిజైన్ మీద ఇప్పటికీ ఆల్బమ్‌లు రికార్డవుతున్నాయి, అది మిమ్మల్ని ఇంకో రెండు టూర్లు మోయగలదు. బదులుగా డిజిటల్ మోడలర్ (యాంప్‌ల సౌండ్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే పెట్టె) కొనాలన్న ఆలోచన వస్తే, మోయడం తేలికే గానీ అదొక కంప్యూటర్. కొత్త మోడల్ రాగానే పాతదాని విలువ పడిపోతుంది.

బీమా విషయంలో రెండు సంగతులు. ఇంటి సామాన్ల పాలసీ ఉంటే దాన్ని తీసి చదవండి. సంపాదనకు వాడే వాయిద్యాలకు అలాంటి పాలసీలు చాలావరకు వర్తించవు. వాయిద్యాల పాలసీ తీసుకుంటే రాత్రి వ్యాన్‌లో వదిలిన గేర్‌కు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. బ్యాండ్ల గేర్ దొంగతనాలు ఎక్కువగా జరిగేది అక్కడే, మినహాయింపు ఉండేదీ అక్కడే. ఈ రోజే ప్రతి వస్తువు సీరియల్ నంబరు, ఫొటో, బిల్లు ఒకచోట పెట్టుకోండి. రెండోది, ప్రమాదం వల్లనో జబ్బు వల్లనో పని చేయలేకపోతే ఆదాయం ఇచ్చే కవర్. గేర్ బీమా కన్నా ముందు ఇది తీసుకోవాలి. చేతికి, వినికిడికి సంబంధించిన షరతులు ప్రత్యేకంగా చదవాలి.

ఇండెక్స్ ఫండ్లు, ఇతర పెట్టుబడులు తొమ్మిది నెలల నిధి నిండాక మాట్లాడుకుందాం.

ఇక ఆరు తీగల గిటారు అమ్మకండి. మీ విద్యార్థుల్లో ఎక్కువమంది చేతిలో ఉండేది ఆరు తీగలదే, మీ పాఠాలు నడిచేదీ దాని మీదే. అమ్మాల్సింది పెడల్స్. పద్నాలుగింటినీ నేల మీద పరచి, గత ఆరు నెలల్లో షోలో గానీ రికార్డింగులో గానీ కాలు పెట్టి నొక్కినవి ఒక పక్కకు తీయండి. ట్యూనర్, నాయిస్ గేట్, ఒక ఓవర్‌డ్రైవ్, ఒక డిలే, ఇంకో రెండు మూడు మిగులుతాయి. ఒకే పని చేసే రెండో ఓవర్‌డ్రైవ్, మూడో డిస్టార్షన్ ఈ నెలలోనే అమ్మకానికి పెట్టండి. ఇప్పుడు తొందర లేదు కాబట్టి మంచి ధర వచ్చేదాకా ఆగగలరు. వచ్చింది వచ్చినట్టు కార్డుకు కట్టేయండి.